నాలుగు పొట్టల చాంద్రి

1974 శ్రావణంలో ఒక పొద్దున బాన్సువాడ పశువుల దవాఖాన మెట్ల ముందు ఒక లంబాడా ఆడమనిషి నెత్తి మీది గోనెసంచి దించింది. సంచిలో రెండు వారాల బర్రెదూడ ఉంది. అప్పటికే చచ్చిపోయింది.

డాక్టరు ఆ రోజు టీకాల కోసం మద్నూర్ వైపు వెళ్ళాడు. దవాఖానలో ఉన్నది కంపౌండర్ ఆశన్న ఒక్కడే. అతను సంచి మూతి విప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"సచ్చినంక తెస్తె నేనేం జెయ్యాలె తల్లీ? మందు బతికున్నదానికే ఇస్తం."

"మందుకు రాలే అన్నా. దీని కడుపు కోసి సూపియ్. ఎందుకు సచ్చిందో నాకు తెల్వాలె."

ఆశన్నది ఇరవై ఏళ్ళ నౌకరీ. ఎడ్లు, బర్లు, మేకలు, ఒకసారి సర్కస్ వాళ్ళ ఒంటె, అన్నీ అతని చేతుల మీదుగా పోయాయి. కానీ చచ్చిన దూడను మూడు మైళ్ళు మోసుకొచ్చి కోసి చూపించమని అడిగిన మనిషి మాత్రం ఆ రోజు దాకా రాలేదు. "పేరేంది నీది?" అన్నాడు.

"చాంద్రి. మిట్ట తండా."

చాంద్రికి అప్పుడు పాతికేళ్ళుంటాయి. భర్త జేత్యా కాలువ పూడిక పనులకు పోయేవాడు. ఆమె తండా దిగువన ఉన్న వలస రైతుల క్యాంపులో హనుమాయమ్మ గారి కొట్టంలో పనిచేసేది. హనుమాయమ్మ కుటుంబం గుంటూరు వైపు నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద వరిపొలం చేసుకుంటున్న కుటుంబం. ఆరు పాడి బర్లు వాళ్ళకు. పేడ తీయడం, మేత వేయడం, దూడలను చూడటం చాంద్రి పని. ఆ ఒక్క ఏడాదిలోనే మూడు దూడలు పోయాయి. మూడోది ఆ పొద్దున పోయింది.

దూడ పోవడం ఆ రోజుల్లో పెద్ద వింతేం కాదు. తోలులో గడ్డి కూరి బొమ్మ చేసి ముందు నిలబెడితే బర్రె చేపుతుంది, పాలిస్తుంది. హనుమాయమ్మ కూడా ఆ పొద్దున అదే అంది. "తోలు ఒలిచేవాణ్ణి పిలువు చాంద్రీ" అని చెప్పి లోపలికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేసరికి చాంద్రీ లేదు, దూడా లేదు.

ఆశన్న దవాఖాన వెనక నీడలో గోనె పరిచాడు. కత్తి నూరుకున్నాడు. "వాసనకు కళ్ళు తిరిగితె పక్కకు పో" అన్నాడు. చాంద్రి గాజులన్నీ మోచేతి పైకి తోసుకుని ఎదురుగా కూర్చుంది.

కడుపులోంచి తీసిన సంచులన్నీ బకెట్ నీళ్ళతో కడిగి, ఆశన్న వరసగా పరిచాడు.

"లెక్కబెట్టు. ఎన్ని?"

"నాలుగు!"

"నాలుగు పొట్టలు. గిది పెద్ద పొట్ట. ఎదిగిన పెద్ద బర్రెల గీన్ల అయిదారు బిందెల నీళ్ళు పడ్తయి. దుడ్డెల సూడు, నీ రెండు పిడికిళ్ళంత గూడ లేదు. గిది తేనెతుట్టె, గళ్ళు గళ్ళు. గిది పుస్తకం లెక్క, లోపలంత పేజీలే. ఇగ గీ నాలుగోది అసలు పొట్ట, మనిషి కడుపసొంటిది. పుట్టినప్పుడు గిదొక్కటే పనిజేస్తది. పాలు సీదా గీన్లకు పోవాలె, గీన్లనే పెరుగు లెక్క తోడుకోవాలె. మిగిలిన మూడు పొట్టలు ఇంక నిద్రల ఉంటయి."

చాంద్రి ముందుకు వంగింది. తేనెతుట్టె గళ్ళ మీద వేలు పెట్టి చూసింది. పేజీలను ఒక్కొక్కటిగా విప్పింది. రోజూ తాను మేత వేసే జీవాల లోపల ఇంత కట్టడం ఉందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆశన్న పెద్ద పొట్టకు గాటు పెట్టాడు. గుప్పున పులిసిన కంపు కొట్టింది. విరిగిన పాలు జారి గోనె మీద పడ్డాయి. అతను కత్తి కింద పెట్టాడు.

"ఇగో, దీనికే సచ్చింది. పాలు పెద్ద పొట్టలకొచ్చినయి. గీడ అరగవు, మురుగుతయి. ఎట్ల తాపిన్రు పాలు?"

"తల్లి తన్నుతుందని వెదురు గొట్టంతోని పోసినం."

"ఎవరు పోసిన్రు?"

"నేనే" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది. తుడుచుకుని వెంటనే అడిగింది: "తల్లి దగ్గర తాగితె గా పాలు గీన్లకు ఎందుకు రావు? గొంతు ఒక్కటే గదా అన్నా?"

అది మామూలు ప్రశ్న కాదు. ఆశన్న మొహం వెలిగింది. నౌకరీలో చేరిన కొత్తలో ఒక ముసలి డాక్టరు తనకు చూపించిన సంగతి, మళ్ళీ తాను ఎవరికీ చూపించే అవకాశం రాని సంగతి, ఈమెకు చూపించవచ్చు. గొంతు గొట్టం దిగి పొట్టల్లో కలిసే చోట వేలు పెట్టాడు. అక్కడ లోపలి గోడకు రెండు మడతలున్నాయి, రెండు పెదవుల్లాగా.

"దుడ్డె మెడ సాపి, మూతి లేపి చీకుతది సూడు, అప్పుడు గీ రెండు పెదవులు ఒకటికొకటి మూసుకుంటయి. మూసుకుంటె గొట్టమైతది. పాలు గా గొట్టంలకెల్లి మూడు పొట్టలు దాటి సీదా నాలుగోదాన్ల పడ్తయి. చీకకుంట గటగట పోస్తె పెదవులు తెరుసుకునే ఉంటయి. పాలు అడ్డదారి పడ్తయి."

చాంద్రి రెండు వేళ్ళతో ఆ మడతలను దగ్గరికి తెచ్చింది. నిజంగానే గొట్టమైంది. వదిలింది. తెరుచుకుంది. మళ్ళీ మూసింది. ఆమె ఆ పని ఎన్నిసార్లు చేసిందో ఆశన్న లెక్కపెట్టలేదు గానీ, ఆమె నోట వచ్చిన మాట మాత్రం చాలా ఏళ్ళు అందరికీ చెప్పాడు. "అరే, లోపల తలుపుంది!"

లేవబోతూ ఇంకో ప్రశ్న అడిగింది. "గీ పిడికిలంత పొట్ట అయిదు బిందెలంత ఎట్లయితది?"

"తిండి పెంచుతది. పాలు గాదు. పాలమీదనే ఉంచితె గా పొట్ట నిద్రపోతనే ఉంటది. లేతగడ్డి, దాణా కడుపుల పడ్డనాడు లేస్తది. ఇంకొకటి యాదిపెట్టుకో. పుట్టినంక మొదటి పూట జున్నుపాలు తాపాలె. పుట్టిన దుడ్డె పేగు గోడలు మొదటి రోజే తెరిసుంటయి. తల్లి ఒంట్లె ఉన్న బలం గా పాలల్లకెల్లి సీదా నెత్తురుల కలుస్తది. గంట గంటకు మూసుకపోతయి. తెల్లారి పోస్తె ఉట్టి పాలే."

ఆమె ఆ మాటలను వేళ్ళ మీద చెప్పుకుంటూ వెళ్ళిపోయింది. గోనెసంచి మరిచిపోయింది.

క్యాంపులో హనుమాయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. "చచ్చిన దూడను నెత్తిన పెట్టుకుని ఊరేగావటే? నీకేవైనా పిచ్చి పట్టిందా?"

"అమ్మా, దానికి నాలుగు పొట్టలున్నయి!"

"ఏవిటీ?"

చాంద్రి వాకిట్లోనే కూర్చుని, తడిమట్టి తీసి నాలుగు సంచులు చేసింది. గొంతు చేసింది. పెదవులు చేసింది. హనుమాయమ్మ మొదట విసుక్కుంది, తర్వాత వంగి చూసింది, చివరికి తానూ గొంతుక్కూర్చుంది. పోయిన మూడు దూడలు ఎట్లా పోయాయో ఇద్దరూ గుర్తు చేసుకున్నారు. ముందు పోయిన రెండింటికీ జున్నుపాలు ఒక్క చుక్క పట్టలేదు. ఆ పాలన్నీ జున్నుగా ఊరంతా పంచారు. హనుమాయమ్మ మట్టి పొట్టల వైపు ఇంకోసారి చూసింది. "ఈసారి దూడ పుడితే నువ్వు చెప్పినట్టే చేద్దాంలే" అని లేచింది.

ఆ మాటకు పరీక్ష కార్తీకంలో వచ్చింది.

పొద్దున ఆరింటికి వాళ్ళ పెద్ద బర్రె ఈనింది. ఆడదూడ. కానీ ఈనిన అరగంటకే బర్రెకు నెత్తురు పోవడం మొదలైంది. ఎంత చేసినా ఆగలేదు. డాక్టరుకు కబురు పంపారు. అతను వచ్చేలోపే బర్రె కాళ్ళు చాపింది. పొదుగు పిండితే చుక్క రాలేదు. హనుమాయమ్మ అరుగు మీద కూలబడి ఏడ్చింది. గడ్డి మీద దూడ తడిగా, నల్లగా, లేవలేక తల ఊపుతూ ఉంది. మిగిలిన అయిదు బర్లూ ఈని నెలలు దాటినవే. వాటి దగ్గర జున్నుపాలు లేవు.

చాంద్రి గోడ గడియారం వైపు చూసి, "అమ్మా, టైమెంతయింది?" అని అడిగింది. ఆమెకు గడియారం చూడటం రాదు.

"ఏడున్నర. ఎందుకే?"

"తండాల దేవీబాయి బర్రె రాత్రి ఈనింది. నేనచ్చేదాంక దీన్ని గోనెతోని తుడువు. ఎండల పెట్టు." ఇంత చెప్పి రాగి చెంబు ఒకటి లాక్కుని పరుగు తీసింది.

క్యాంపు నుంచి మిట్ట తండాకు మైలున్నర. ఆమె పోయేసరికి దేవీబాయి పొయ్యి మీద గిన్నె పెట్టి ఉంది. జున్ను గట్టిపడి పైన బెల్లం రంగు తేలుతోంది. చాంద్రి పొయ్యి ముందు కూలబడి నెత్తి కొట్టుకుంది. వండిన జున్ను దూడకు పనికిరాదు.

"ఏమయిందే? తింటవా?" అంది దేవీబాయి. ఆమె చాంద్రికి వరసకు వదిన.

"పొదుగుల ఇంక ఉందా వదినా?"

"మా దుడ్డె తాగింది. ఒక పక్క ఉన్నదేమో. ఎందుకు?"

చాంద్రి అప్పటికే బర్రె పక్కన కూర్చుని ఉంది. దేవీబాయి కూడా వచ్చి మెడ పట్టుకుంది. పసుపుపచ్చగా, తేనెలా చిక్కగా పాలు చెంబులో పడ్డాయి. ముక్కాలు చెంబు అయింది. చాంద్రి దాని మూతికి ఆకు కట్టి, చెంబును గడ్డి చుట్టలో పెట్టుకుని బయల్దేరింది.

వచ్చేటప్పుడు కాలువకు నీళ్ళు ఎక్కువ వదిలారు. పోయేటప్పుడు తాను దాటిన దుంగల వంతెన మీదుగా నీళ్ళు పారుతున్నాయి. రోడ్డు మీది వంతెన చుట్టు తిరిగి పోవాలంటే ఇంకో గంట. చాంద్రి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెంబు నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని నీళ్ళలో దిగింది. అద్దాల లంగా తడిసి రాళ్ళు కట్టినట్టు కాళ్ళను లాగింది. నీళ్ళు నడుం దాటాయి, ఛాతీ దాకా వచ్చాయి. అవతలి గట్టున వరికోతకు వచ్చిన కూలీలు కొడవళ్ళు వదిలేసి కేకలు పెట్టారు.

"ఓ చాంద్రీ, ఎన్కకు పోవే! కొట్టుకపోతవ్!"

"చెంబు పట్టుకోండ్రి! నన్ను గాదు, చెంబు పట్టుకోండ్రి!"

ఒకామె గట్టు మీద బోర్లా పడుకుని చేయి చాపి చెంబు అందుకుంది. మరో ఇద్దరు చాంద్రిని రెక్క పట్టి పైకి లాగారు. చాంద్రి ఆకు ఎత్తి చూసింది. ఒక్క నీటి చుక్క కూడా లోపల పడలేదు. ఆమె నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా వాళ్ళందరూ నవ్వారు.

"నాలుగో గంట నడుస్తోందే" అని హనుమాయమ్మ వాకిలి నుంచే అరిచింది. చాంద్రి చెంబును పొయ్యి మీద పెట్టనివ్వలేదు. వేన్నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, పాలు ఒంటి వెచ్చదనానికి వచ్చాక దూడ దగ్గర కూర్చుంది. రెండు వేళ్ళు పాలలో ముంచి దూడ నోట్లో పెట్టింది. నాలుక చల్లగా ఉంది. చీకలేదు. మళ్ళీ ముంచింది. చీకలేదు. గడ్డితో దూడ వీపు, ఛాతీ గట్టిగా రుద్దింది. తల్లి నాకినట్టు మెడ కింద రుద్దింది. మూతిని తన చంకలోకి, పొదుగు కింద ఉన్నట్టుగా ఎత్తి పట్టింది. వేళ్ళు మళ్ళీ పెట్టింది.

దూడ నాలుక కదిలింది. వేళ్ళ చుట్టూ చుట్టుకుంది. ఒక్కసారి లాగింది.

"లాగుతుందమ్మా! లాగుతుంది!"

"పొయ్యనా? పొయ్యనా?" హనుమాయమ్మ చిన్న గిన్నెతో పాలు ముంచి పట్టుకుంది.

"మెల్లగ. నా వేళ్ళ మీదికెల్లి సన్నగ. అది లాగినప్పుడే."

దూడ చీకుతుంటే చిన్న గిన్నెలోంచి పాలు వేళ్ళ సందుల్లో నుంచి దాని నోట్లోకి పోయాయి. తోక అటూ ఇటూ ఊగింది. లోపల ఆ రెండు పెదవులు మూసుకుంటున్నాయని, మూడు పొట్టలను దాటి పాలు నాలుగోదానిలో పడుతున్నాయని చాంద్రికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. చెంబు ఖాళీ అయ్యేసరికి గడియారం పదిన్నర కొట్టింది. మధ్యాహ్నానికి దూడ నల్లటి జిగురు పేడ వేసింది. చాంద్రి దాన్ని చూసి దేవుడి ప్రసాదం దొరికినట్టు మురిసిపోయింది. సాయంత్రానికి లేచి నిలబడింది. పడింది. మళ్ళీ లేచింది. దానికి బిజిలీ అని పేరు పెట్టింది.

ఆ తర్వాతి రోజుల్లో చాంద్రికి బిజిలీ తప్ప ఇంకో మాట లేదు. వేరే బర్రె పాలు పూటకు ఇంత అని వేళ్ళతోనే చీకించింది. పదో రోజున ఆశన్న సైకిల్ మీద వచ్చి కడుపులో నులిపురుగులు పోయే మందు పట్టించాడు. ఆ రోజు నుంచే ఆమె బిజిలీ ముందు లేతగడ్డి పోచలు వేలాడగట్టింది. జొన్నలు దంచి, తవుడూ పల్లిచెక్కా కలిపి, పాలు తాగడం అయిపోగానే మూతికి ఇంత రాసేది. మొదట్లో బిజిలీ తుమ్మి ఉమ్మేసింది. తర్వాత నాకింది. తర్వాత గిన్నెలో మూతి పెట్టింది.

పదిహేను రోజులు దాటాక చాంద్రి చేసిన పనికి హనుమాయమ్మ నోరు తెరిచింది. పడుకుని నెమరేస్తున్న ముసలి బర్రె నోట్లో చేయి పెట్టి, సగం నమిలిన ముద్ద లాగి, తెచ్చి బిజిలీ నోట్లో పెట్టింది.

"ఛీ ఛీ! ఆ ఎంగిలి ముద్ద దీనికెందుకే?"

"ఆశన్న చెప్పిండమ్మా. పెద్ద పొట్టల కంటికి ఆనని పురుగులుంటయంట. గడ్డిని అవే అరగదీస్తయంట. పుట్టినప్పుడు దుడ్డెలకు అవి ఉండవంట. తల్లి మూతి నాకి తెచ్చుకుంటయి. దీనికి తల్లి లేదు గదా!"

ఇక ఎదురుచూడటమే మిగిలింది. పెద్ద పొట్ట నిద్ర లేచిందో లేదో బయటికి తెలిసే గుర్తు ఒక్కటే, నెమరు. చాంద్రి పేడ తీస్తూ బిజిలీ దవడ వైపే చూసేది. మేత వేస్తూ చూసేది. ఇరవై రోజులు గడిచాయి. ఏమీ లేదు. ఇరవై రెండో రోజు కూడా ఏమీ లేదు.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం, బువ్వ తినడానికి కొట్టం నీడలో కూర్చున్న చాంద్రి ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. బిజిలీ కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. ముందు గడ్డి లేదు, గిన్నె లేదు. మెడలో చిన్న ఉండలాంటిది కింది నుంచి పైకి పాకింది. దవడ పక్కకు కదిలింది. మళ్ళీ కదిలింది. కళ్ళు సగం మూసుకుని, లోకంలో ఏ పనీ లేనట్టు అది నములుతోంది.

చాంద్రి బువ్వ గిన్నె ఎగిరి పడింది.

"నెమరేస్తుంది! అమ్మా! నెమరేస్తుంది! యాడీ, బిజిలీ నెమరేస్తుంది!" ఆనందం పట్టలేక తన భాషలో అమ్మను కూడా పిలిచింది.

హనుమాయమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. కళ్ళంలో వడ్లు తూర్పారబడుతున్న కూలీలు ఏదో పాము వచ్చిందనుకుని కర్రలతో వచ్చారు. సంగతి తెలిశాక కర్రలు వదిలేసి గొంతుక్కూర్చున్నారు. ముద్ద కిందికి జారగానే అందరూ ఊపిరి బిగబట్టారు. ఇంకో ముద్ద పైకి పాకగానే ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపుకు బిజిలీ బెదిరి నమలడం ఆపింది. చాంద్రి అందరినీ తిట్టింది. అందరూ నోటి మీద చెయ్యి పెట్టుకుని, గుసగుసలాడకుండా కూర్చున్నారు. కాసేపటికి మళ్ళీ దవడ కదిలింది.

కబురు అందుకుని ఆశన్న సాయంత్రం వచ్చాడు. బిజిలీ ఎడమ డొక్కకు చెవి ఆనించాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత చాంద్రిని రమ్మని సైగ చేశాడు.

ఆమె చెవి ఆనించింది. లోపల ఎక్కడో దూరంగా మబ్బు ఉరిమినట్టు, గలగలా దొర్లి ఆగింది. కొంచెంసేపు నిశ్శబ్దం. మళ్ళీ దొర్లింది.

"గదే పెద్ద పొట్ట. తిరుగుతుంది. ఇగ ఆగదు" అన్నాడు ఆశన్న.

ఆ సాయంత్రం క్యాంపులో సగం మంది బిజిలీ డొక్కకు చెవి పెట్టి విన్నారు. హనుమాయమ్మ రెండుసార్లు విని, "దీని మొదటి ఆడదూడ నీదేనే చాంద్రీ. అందరి ముందూ చెబుతున్నా" అంది. నాలుగేళ్ళ తర్వాత బిజిలీ ఈనినప్పుడు ఆ మాట నిలబెట్టుకుంది కూడా. దూడ మెడకు పసుపుతాడు కట్టి, తానే నడిపించుకుని తండాకు తీసుకెళ్ళింది. జేత్యా దాని కోసం చిన్న కొట్టం కట్టాడు.

అప్పటికే చాంద్రి పేరు చుట్టుపక్కల పాకింది. తల్లి పోయిన దూడ, తల్లి దగ్గరికి రానివ్వని దూడ, లేవలేని మేకపిల్ల ఏదైనా సరే, "నాలుగు పొట్టల చాంద్రిని పిలవండి" అనేవారు. ఆమెకు ఆ పేరంటే చాలా ఇష్టం. మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పుట్టి ఎన్ని గంటలయింది?" ఆ తర్వాతే బయల్దేరేది.

అన్నీ బతకలేదు. ఒకసారి ఒక పెద్ద రైతు మూడో రోజున కబురు చేశాడు. మొదటి పాలన్నీ ఇంట్లోకి వాడుకున్నారట. చాంద్రి అయిదు రోజులు అక్కడే ఉండి చేయగలిగింది చేసింది. దూడ పారుడుతో, విరేచనాలు ఆగక పోయింది. ఆ ఇంటి వాకిట్లో ఆమె ఏడవలేదు, అరవలేదు. ఇంటి ఆడవాళ్ళందరినీ పిలిచి, కూర్చోబెట్టి, పేగు గోడలు మొదటి రోజు ఎట్లా తెరిచి ఉంటాయో, ఎట్లా మూసుకుంటాయో తన వేళ్ళు బార్లా చాపి, ఒక్కొక్కటిగా ముడిచి చూపించింది. తర్వాతి ఏడాది ఆ ఇంట్లో పుట్టిన రెండు దూడలూ బతికాయి. రైతు భార్య స్వయంగా తండాకు వచ్చి చెప్పి పోయింది.

1982లో బిచ్కుందలో దూడల పోటీ పెట్టారు. ఊళ్ళ నుంచి నూట ఇరవై దూడలు వచ్చాయి. డాక్టర్లు మైకులో మాట్లాడారు. జనం పల్లీలు తింటూ కబుర్లలో పడ్డారు. అప్పుడు ఆశన్న వెళ్ళి పెద్ద డాక్టరు చెవిలో ఏదో చెప్పాడు. చాంద్రిని వేదిక మీదికి పిలిచారు.

ఆమె మైకు ముందుకు రాలేదు. తట్టలో తెచ్చుకున్న జిగటమన్నుతో జనం మధ్యలోనే కూర్చుని పొట్టలు చేయడం మొదలుపెట్టింది. "గిది పుట్టిననాటి పొట్ట" అని పిడికిలంత చేసింది. పక్కనే "గిది నెలది" అని ఇంకోటి. "గిది మూడు నెలలది" అని ఇద్దరు ఆడవాళ్ళను సాయం పిలిచి తట్టెడు మన్నుతో చేసింది. పల్లీలు తినేవాళ్ళు ఆపేశారు. వెనకవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఒక ముసలాయన, "ఎనభై ఏండ్లు బర్లు కాసిన, లోపల గిట్లుంటదని ఇయ్యాల తెల్సింది" అని పైకే అన్నాడు. పెద్ద డాక్టరు మైకు పక్కన పెట్టి కిందికి దిగి వచ్చాడు.

ఆ జనంలో డోంగ్లి నుంచి వచ్చిన ఒక మరాఠీ రైతు ఉన్నాడు. "మావశీ, మా ఊరికి ఒకపారి రావాలె. మా ఆడోళ్ళకు గిదంత సూపియ్యాలె" అని పిన్ని వరస కలిపి బతిమాలాడు. చాంద్రి మర్నాడే డోంగ్లి వైపు పోయే మద్నూర్ బస్సెక్కింది. ఆ వైపు పోవడం ఆమెకు అదే మొదటిసారి.

డోంగ్లిలో మట్టి పొట్టలు చూపించడం అయ్యాక, టాంగా నడిపే ఒకతని వాకిట్లో చాంద్రి కాళ్ళు ఆగాయి. అక్కడ ఒక ఆడగుర్రం, దాని పక్కన నెల కూడా నిండని పిల్ల ఉన్నాయి. పిల్ల మూతికి తాడుతో అల్లిన చిక్కం కట్టి ఉంది.

"మూతి ఎందుకు కట్టిన్రు?"

"పాడు అలవాటు పట్టింది మావశీ. తల్లి వేసిన లద్ది తింటుంది. ఎంత కొట్టినా మానదు."

చాంద్రి నిలబడిపోయింది. గుర్రం వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. "గుర్రం నెమరెయ్యదు గదా?" అని అడిగింది.

"వెయ్యదు."

"అయితె చిక్కం విప్పు! తిననియ్! కొట్టకు!"

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. చాంద్రికి మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. బర్రెదూడ కంటికి ఆనని పురుగులను తల్లి మూతి నుంచి తెచ్చుకుంటుంది. నెమరే లేని గుర్రంపిల్ల ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఆ లద్దిలోంచి కాక ఇంకెక్కడి నుంచి? ఆమె బలవంతం మీద అతను చిక్కం విప్పాడు. పిల్ల తిన్నగా వెళ్ళి వెచ్చటి లద్దిలో మూతి పెట్టింది.

బాన్సువాడలో బస్సు దిగి చాంద్రి ఇంటికి పోలేదు. నేరుగా దవాఖానకు వెళ్ళింది. ఆశన్న తల నెరిసింది, రిటైర్మెంటు దగ్గరికి వచ్చింది. ఆమె చెప్పిందంతా విని అతను తల గోక్కున్నాడు.

"నాకు తెల్వదు చాంద్రీ. గుర్రాల సంగతి నేను చదువలే. కానీ నువ్వు చెప్పిన తీరు సూస్తె..." అని ఆగి, డ్రాయర్‌లోంచి కాగితం తీశాడు. పశువైద్య కాలేజీలో పనిచేసే, తనకు తెలిసిన ఒక డాక్టరుకు ఉత్తరం రాశాడు. ప్రతి వాక్యం చాంద్రికి చదివి వినిపించి, ఆమె సరే అన్నాకే తర్వాతి వాక్యం రాశాడు.

జవాబు నెల తర్వాత వచ్చింది. ఆశన్న సైకిల్ మీద తండాకు వచ్చి, కొట్టంలో పేడచేతులతో ఉన్న చాంద్రి ముందు నిలబడి చదివాడు. గుర్రంపిల్లలు మొదటి వారాల్లో తల్లి లద్ది తినడం జబ్బు కాదని, గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు పేగుల్లో చేరడానికి అదొక దారి అని ఈ మధ్యే బయటి దేశాల్లో కూడా రాస్తున్నారని అందులో ఉంది. చివర్లో ఆ డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. ఈ సంగతి గమనించినది ఎవరు, ఎక్కడ చదువుకున్నారు?

"ఏం రాయాలె?" అన్నాడు ఆశన్న నవ్వుతూ.

చాంద్రి పేడచేతులు గడ్డికి తుడుచుకుంది. నవ్వు ఆపుకోలేకపోయింది. "చాంద్రి, మిట్ట తండా అని రాయి. సదువుకోలేదు, లోపల సూసింది అని రాయి. ఇంకొకటి గూడ అడుగు అన్నా, కుందేలు తన పెంటికలు తనే తింటది గదా, దానికి ఎన్ని పొట్టలుంటయి?"